విశాఖ నుంచి గంట దారి

నేను ఒక ఐస్ పెట్టెను. నీలం ఒళ్ళు, తెల్ల మూత, రెండు పక్కలా గొళ్ళేలు. నాతోపాటు అచ్చులోంచి ఊడిపడిన తోబుట్టువుల్లో ఒకడు చేపల బండెక్కాడు, ఇంకొకడు పెళ్ళిళ్ళలో కూల్‌డ్రింకులు మోస్తున్నాడు. నన్ను హైదరాబాదులో ఒక ఆసుపత్రివాళ్ళు కొని, మీద ఎర్ర అక్షరాలు అంటించి, ఫిలోమినా సిస్టర్ చేతిలో పెట్టారు. అప్పటినుంచి జనం నన్ను చూసి పక్కకు తప్పుకోవడం మొదలెట్టారు. పెట్టె అదే, మర్యాదే మారింది.

ఒకసారి డాక్టర్ల వెంట మా ఇద్దరినీ విశాఖపట్నం పంపారు. అక్కడ పైడిరాజు అనే కుర్రాడు బండి మీంచి పడి, తలకు దెబ్బ తగిలి, ఇక లేవడని తేలిపోయింది. గుండె మాత్రం కొట్టుకుంటోంది. దాన్ని హైదరాబాదులో ఒక స్కూలు బస్సు డ్రైవరుకు పెట్టాలి. బయటికి తీసిన గుండె నా మంచులో నాలుగు గంటలు ఓర్చుకుంటుంది, అంతే. రైల్లో అయితే ఒక రాత్రి ప్రయాణం. విమానంలో గంటకు కాస్త పైన. మనుషులు ఊళ్ళ మధ్య కిలోమీటర్లు లెక్కపెట్టుకుంటారు గానీ, ఆ రోజు వాటితో ఎవరికీ పనిలేకపోయింది.

గుండెను నాలో పెట్టి బయల్దేరుతుంటే పైడిరాజు తల్లి అప్పలనరసమ్మ ఎదురొచ్చింది. పైడిరాజు విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించేవాడు.

"గంట దారే కదమ్మా? మావోడు సెప్పీవోడు," అంది. ఫిలోమినా అవునంది.

"ఎన్ని పెట్టెలెక్కించినాడో, తానెప్పుడూ ఇమానం ఎక్కనేదు. కిటికీ కాడ కూకోబెట్టు తల్లీ."

ఫిలోమినా తలూపి, నన్నెత్తుకుని పరుగు తీసింది.

విమానంలో మాకు ముందు వరసలో సీట్లిచ్చారు. కిటికీ దగ్గర ఓ పెద్దమనిషి అప్పటికే పేపరు విప్పుకుని కూర్చున్నాడు.

"సార్, ఆ సీటు ఈ పెట్టెకిస్తారా?" అనడిగింది ఫిలోమినా.

"పెట్టెకి కిటికీ ఎందుకమ్మా?" అని నవ్వాడాయన. న్యాయమైన ప్రశ్నే. నాకూ అదే అనిపించింది.

"లోపల ఒక తల్లి కొడుకున్నాడు సార్. మొదటిసారి ఎక్కుతున్నాడు."

ఆయన నా మీద 'మానవ అవయవం' అన్న ఎర్ర అక్షరాలు చదివాడు. పేపరు మడిచి లేచాడు. బెల్టు తానే నా చుట్టూ బిగించాడు.

గుండె వేళకు చేరింది. డ్రైవరు మళ్ళీ స్టీరింగ్ పట్టాడో లేదో తెలియదు గానీ, తన కాళ్ళ మీద తాను నడిచి ఇంటికెళ్ళాడు. కొన్నేళ్ళకు గొళ్ళెం విరిగి నేను ఆసుపత్రి క్యాంటీన్‌కు చేరాను. ఓడలు బళ్ళవుతాయని ఊరికే అన్నారా? ఇప్పుడు పెరుగు ప్యాకెట్లు మోస్తున్నాను. దారిచ్చేవాళ్ళు లేరు, కాలితో పక్కకు నెట్టేవాళ్ళే.

కిటికీలోంచి ఏం చూశావని మాత్రం నన్నడగకండి. నాకు కళ్ళు లేవు, ఆ రోజు నాలో ఉన్నదానికీ లేవు. చూసింది ఫిలోమినా. దిగేదాకా నా మూత మీంచి చెయ్యి తీయలేదు. పక్కవాళ్ళు వింటున్నారని కూడా చూడకుండా, కనిపించిందల్లా చిన్న గొంతుతో చెబుతూనే ఉంది. సముద్రం వెనకబడిందంది. కొండలంది. కాసేపటికి, "ఇదుగో పైడిరాజూ, గోదారి," అంది.