చెరువు నీళ్ల శ్లాబు

ఇల్లు ఎవరైనా కడతారు. కట్టాక దాన్ని చూసుకోవడం మాత్రం మా వైపు ఎవరికీ చేతకాదు. పైన సున్నం కొడితే లోపలి జబ్బు నయమైపోయిందనుకుంటారు. నలభై ఏళ్లు తాపీ పట్టిన వీరాస్వామిని, ఈ మాట అనే హక్కు నాకుంది. లేనిది మిగతా మాటలకే.

చిట్టిరాజు గారు భీమవరం దగ్గర మా ఊళ్లో కాన్వెంటు కట్టించింది తొంభై ఆరు వేసవిలో. మేస్త్రిని నేనే. శ్లాబుకి ముహూర్తం పెట్టించారు. అది దాటితే మూఢం, ఆ పైన రెండు ఆషాఢాలు. తీరా సెంట్రింగు బిగించి, ఊచలు కట్టి, కూలీలంతా దిగాక కాలవలో చుక్క నీరు లేదు. మరమ్మతులకని ఏటా వేసవిలో కాలవ కట్టేస్తారు, ఆ ఏడు వారం ముందే కట్టేశారు. వస్తుందన్న ట్యాంకరు రాలేదు. రాజుగారు తన రొయ్యల చెరువు దగ్గర ఇంజను పెట్టించి నీళ్లు తోడించారు.

వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. కటిక ఉప్పు.

“రాజుగారండీ, ఈ నీళ్లు ఊచల్ని తినేస్తాయండి.”

“సిమెంటు కప్పేస్తుందిలేవయ్యా. ముహూర్తం నా కోసం ఆగుద్దేంటి?”

ఆగదు. ఆగాల్సింది నేను. తాపీ అందుకున్నాను. కొబ్బరికాయ కొట్టారు, నాకు కొత్త పంచెలు పెట్టారు, సాయంత్రానికి శ్లాబు పూర్తయింది. మర్నాటి నుంచి మూడు వారాలు దాన్ని ఆ నీళ్లతోనే తడిపాం.

తొమ్మిదేళ్ల తర్వాత, మొన్న సోమవారం, రాజుగారు కబురు పెట్టారు. మూడో తరగతి గదిలో కప్పు నుంచి పెచ్చు ఊడి బెంచీ మీద పడిందట. పిల్లలు ఆటలకి వెళ్లారు కాబట్టి సరిపోయింది. “పూత పూసి సున్నం వేసెయ్. బుధవారం డాబా మీదకి ఐదువేల లీటర్ల ట్యాంకు ఎక్కిస్తున్నాం” అన్నారు.

మా మనవరాలు హేమశ్రీ చదివేది ఆ మూడో తరగతిలోనే.

నిచ్చెన ఎక్కి సుత్తితో తట్టాను. గట్టి శ్లాబు ఖంగుమంటుంది. ఇది ఖాళీ కుండలా బోలుగా పలికింది. జరిగి జరిగి గది నాలుగు మూలలా తట్టాను, అంతటా అదే చప్పుడు. పెచ్చు ఊడిన చోట గోకితే తుప్పు పొరలు పొరలుగా నా మొహం మీద రాలింది. చిటికెనవేలంత ఊచ అగ్గిపుల్లంత మిగిలింది.

రాజుగారికి చెప్పాను. ఆయనకి చీమ కుట్టినట్టయినా లేదు. “ఆ ఏడు తుపానుకి ఊరంతా లేచిపోతే ఇది కదల్లేదు. వయసు మీదపడి నీకు భయమెక్కువైంది” అని నవ్వారు.

బుధవారం నేను వెళ్లేసరికి ట్యాంకు పైకి ఎక్కేసింది. మోటారు వేసి నీళ్లు నింపుతున్నారు. కింద పాఠాలు సాగుతున్నాయి. నేను చేసిన పని చెబుతాను, తిట్టుకోండి. టీచరమ్మతో “పిల్లకి ఒళ్లు వెచ్చబడిందండి” అని అబద్ధమాడి హేమశ్రీని ఒక్కదాన్నే బయటికి తెచ్చాను.

గేటు దగ్గర అది ఆగిపోయింది. “నాకు జ్వరం లేదుగా తాతయ్యా?”

సిగ్గుతో చచ్చిపోయాను. దాని చెయ్యి వదిలి వెనక్కి పరిగెత్తి, గంట అందుకుని చేతులు నొప్పెట్టేదాకా కొట్టాను. పిల్లలంతా బిలబిలమంటూ మైదానంలోకి వచ్చారు. హెడ్మాస్టరు చంద్రరావు గారూ, వెనకే రాజుగారూ వచ్చారు.

“ఈ శ్లాబు చెరువు నీళ్లతో పోసిందండి. పోసింది నేనేనండి. లోపల ఇనుము లేదండి” అని అందరూ వినేలా చెప్పాను.

“ఎండదెబ్బ తగిలినట్టుంది. పిల్లల్ని లోపలికి పంపండి మాస్టారూ” అన్నారు రాజుగారు.

చంద్రరావు గారు చెయ్యెత్తారు. పిల్లలు వరుసల్లో నిలబడ్డారు. ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి ఆయన నా వైపు తిరిగారు.

“మేస్త్రిగారూ, మా ఇంటి శ్లాబు కూడా ఆ నెల్లోనే పోశారు కదండీ. దానికి ఏ నీళ్లు?”

ఆ వేసవిలో ఊళ్లో నేను పోసినవి పదకొండు శ్లాబులు. రాజుగారి బడికి పనికొచ్చిన నీళ్లు మా ఇంటికి పనికిరావా అని అందరూ అవే అడిగారు. ఎవరికీ నేను కాదనలేదు.

“అవేనండి.”

ఆయన చెయ్యి దించేశారు. “అమ్మ ఇంట్లోనే ఉందండి” అంటూ గేటు దాటి పరిగెత్తారు. పైన మోటారు ఆగలేదు. మాస్టారే వెళ్లిపోయేసరికి ఏం చెయ్యాలో తెలియక పిల్లలంతా నా వైపు చూశారు.

“బయటికి పొండమ్మా, గేటు బయటికి పొండి” అని అరిచాను. ఇళ్లకి పొమ్మని మాత్రం అనలేకపోయాను.