ఇస్త్రీ పిన్ని డిశ్చార్జి

దుప్పటి అంచులు కలిపి, నీళ్ళు చిలకరించి, ఇస్త్రీపెట్టె ఆనించింది. సన్నగా ఆవిరి లేచింది. పిచ్చాసుపత్రి బట్టల గదిలో ఆమె రోజూ చేసే పనే అది. అందరూ ఇస్త్రీ పిన్ని అంటారు. కుడి భుజం కాస్త కిందికి జారి ఉంటుంది. ముంజేతి మీద పాత వాతలు గోధుమరంగుకు తిరిగాయి. అయినా ఆమె ఆసుపత్రి ఉద్యోగి కాదు, రోగి.

పురిట్లో బిడ్డ పోయాక నిద్ర మానేసి వీధుల్లో తిరుగుతుంటే, అన్న తీసుకొచ్చి చేర్పించాడు. జబ్బు కొన్నేళ్ళకు నెమ్మదించింది. ఆసరికే అన్న రావడం మానేశాడు. అప్పట్లో వార్డు తలుపులకు బయట గడియలుండేవి. ఒక ప్రభుత్వం గడియలు తీయించింది, మరొకటి పూలమొక్కలు వేయించింది. ఇప్పటి ప్రభుత్వం ఆసుపత్రినే మూసేస్తోంది. రోగులు జనం మధ్య బతకాలట.

డాక్టరమ్మ గుమ్మంలోకి వచ్చింది. "మీకు ఎప్పుడో నయమైంది పిన్నిగారూ. ఇక్కడ ఉండాల్సిన పనే లేదు."

"ఆ సంగతి నాకూ తెలుసమ్మా. నా కోసం వచ్చి అడిగినవాళ్ళేరీ?"

డాక్టరమ్మ చూపు తిప్పుకుంది. "మీ మేనల్లుడు వచ్చాడు."

వరండా బెంచీ మీద నడివయసు మనిషి, ఒళ్ళో కొత్త శాలువా. గడ్డం అచ్చం అన్నదే. ఆమె పక్కన కూర్చుంది.

"నాన్న పోయారత్తా. పోయేముందు మీరిక్కడున్నారని చెప్పారు."

"అంతకుముందు ఏం చెప్పేవాడు?"

అతను శాలువా కుచ్చులు సవరించాడు. "మీరు ఎప్పుడో పోయారని."

"నేనొస్తున్నట్టు మీ ఆవిడకు తెలుసా?"

"ఇంకా చెప్పలేదు. మెల్లగా చెప్దామని..."

ఆమె అతని చేతుల వైపు చూసింది. "పోయినదాన్ని తీసుకెళ్ళి గుమ్మంలో నిలబెడితే పిల్లలు జడుసుకుంటారు నాయనా. వచ్చావు, చాలు. ఇంటికెళ్ళు."

అతని ముఖంలో ముందు సిగ్గు, వెనకే తేలికదనం కనిపించాయి. ఆమె రెండూ చూసింది.

ఎవరూ లేనివాళ్ళను అనాథాశ్రమానికి తీసుకెళ్ళే వ్యాను గేటు దగ్గర ఆగి ఉంది. అక్కడ కొన్ని నెలలు ఉంచుకుంటారు. ఆ తర్వాత ఎక్కడికో ఎవరూ చెప్పలేదు. ఎక్కబోతూ ఆమె డ్రైవరును అడిగింది.

"అక్కడ ఇస్త్రీపెట్టె ఉందా బాబూ?"

"ముందు మంచాలు రానీ పెద్దమ్మా."

ఆమె నవ్వి, కిటికీ పక్కన సర్దుకుని కూర్చుంది. వ్యాను మలుపు తిరిగేదాకా నిలబడి, మేనల్లుడు గబగబా రోడ్డెక్కాడు.

బెంచీ మీద శాలువా ఉండిపోయింది, అంచుకు కుట్టిన ధర చీటీతో సహా.