కాలియర్ అనే రెండో పిల్ల

ఏడో తువ్వాలు మీద ‘టానర్’ అని కుట్టడం పూర్తిచేసి, కాలియర్ బీసన్ దారం పంటితో కొరికింది. కత్తెర పక్కనే ఉంది. ముప్పయ్యారేళ్ళుగా పక్కనే ఉంది, ఆమె మాత్రం కొరుకుతూనే ఉంది. అరవయ్యెనిమిదేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మిషను మీదికి వంగి వంగి భుజాలు ముందుకొచ్చేశాయి. ఎప్పుడో సూది దిగిన చూపుడువేలి గోరు రెండుగా చీలి అలాగే పెరిగింది.

పసిపిల్లల బట్టల మీద, పెళ్ళి తువ్వాళ్ళ మీద పేర్లు కుట్టే కొట్టు అది. జార్జియాలో ఆ చుట్టుపక్కల తల్లులకు ఒక పట్టింపు. పుట్టింటి ఇంటిపేరు తమతో పోకూడదని దాన్నే ఆడపిల్లకు పేరుగా పెట్టేస్తారు. ఆ ఇంటిపేర్లలో సగం పాతకాలపు చేతిపనులే. కూపర్ అంటే పీపాలు చేసేవాడు, టానర్ అంటే తోళ్ళు పదునుచేసేవాడు, వీలర్ అంటే బండిచక్రాలు చేసేవాడు. ఆ పేర్ల అమ్మాయిలు లేసు గౌన్లలో చర్చికి పోతుంటారు. ఒక్కతెకీ గుండీ కుట్టుకోవడం రాదు. కాలియర్ అంటే బొగ్గులు కాల్చేవాడు.

“మిస్టర్ కాలియర్ గారికి మళ్ళీ ఉత్తరం వచ్చింది. పేరు చూసి నిన్ను ఇంకా మగాడే అనుకుంటున్నారు. ఈసారి మగాళ్ళకి జుట్టు మొలిపించే నూనెట,” అంది కొట్టు యజమానురాలు వెర్నా, కవరు బల్ల మీదికి విసురుతూ.

“తెప్పిద్దాం. నీ మీసానికి పనికొస్తుంది.”

వెర్నా పగలబడి నవ్వి, పొట్లంలోంచి తెల్లటి చిన్న గౌను తీసి ఆమె ముందు పెట్టింది. కాలియర్ తమ్ముడి కూతురు మార్లా పంపింది. మార్లాకు నెలలు నిండుతున్నాయి, ఆడపిల్లేనని డాక్టరు చెప్పాడు. గౌనుకు గుచ్చిన చీటీ మీద ఒకటే మాట ఉంది. కాలియర్.

ఆమె ఆ చీటీని బోర్లా తిప్పింది.

నిజానికి ఆ పేరు ఆమెది కాదు. ఆమె కంటే రెండేళ్ళు ముందు పుట్టి, పదకొండు రోజులు బతికిన అక్కది. అమ్మ అన్నదమ్ములంతా పిల్లల్లేకుండానే పోయారు, పుట్టింటి పేరు నిలవాలి. అందుకని చచ్చిపోయిన పిల్ల పేరే తీసి రెండోపిల్లకు పెట్టారు. ఏటా మే నెలలో సమాధులు కడిగే ఆదివారం అమ్మ ఆమె చేతికి బ్రష్షు ఇచ్చేది. అక్షరాలు నేర్చుకున్నది అక్క సమాధిరాతి మీదే, తన పేరులో పట్టిన నాచు తను గీకుతూ. ఇంట్లో మాత్రం అమ్మ ఎన్నడూ ఆ పేరుతో పిలవలేదు, “ఇదిగో, పిల్లా” అనేది. ఎవరైనా కాలియర్ అంటే, తన కంటే ముందే, వెనకాల ఇంకెవరో తల తిప్పినట్టు ఉండేది. ఇప్పటికీ ఉంటుంది. ఆ భయం ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

ఫోను తీసింది.

“మార్లా, గౌను చేరిందే.”

“నచ్చిందా అత్తా? నువ్వు ఏడ్చేస్తావని నాన్న పందెం కాశాడు.”

“ఆ పేరు వద్దే తల్లీ.”

“అదేంటి?”

జన్మలో ఎవరికీ కాదని చెప్పని మనిషి.

“పుట్టినప్పట్నుంచీ చచ్చినదాని చొక్కా తొడుక్కుని తిరుగుతున్నట్టుందే నాకు. నీ పిల్లకి ఎవరూ తొడగని పేరు పెట్టు. పువ్వు పేరో, పిట్ట పేరో. చిన్నది చాలు.”

“ఇన్నాళ్ళూ చెప్పలేదేం అత్తా?”

“ఎవరడిగారే?”

“సరే, పెట్టంలే. ఇంకోటి వెతుకుతా. నువ్వు ఏడవకు.”

“నేనెక్కడ ఏడుస్తున్నా,” అంది కాలియర్, ముక్కు తుడుచుకుంటూ.

ఆ మధ్యాహ్నం పీచ్ పళ్ళు పెట్టి కాల్చిన తీపిరొట్టె రెండు ముక్కలు తింది. వెర్నా లోపల్నుంచి “కాలియర్!” అని కేకేస్తే తల తిప్పింది. వెనకాల ఎవరూ కదల్లేదు. ఆశ్చర్యపోయి, తనలో తనే నవ్వుకుని, గౌను ముందుకు లాక్కుని, కొలతలు చూసుకుని నీలం సుద్దతో చుక్క పెట్టింది. మూడింటికి వెర్నా వచ్చి చూస్తే మిషను ఆగి ఉంది. కాలియర్ చెంప బల్ల మీద ఆన్చి ఉంది. ఊపిరి లేదు.

అక్క పక్కనే పాతిపెట్టారు. రెండు రాళ్ళు, ఒకటే పేరు.

మూడు వారాలకు పిల్ల పుట్టింది. కాలియర్ అనే పెట్టాలని ఆస్పత్రి గదిలో అందరిదీ ఒకటే మాట.

“అత్త వద్దంది నాన్నా,” అంది మార్లా.

“అది బతికున్నప్పటి మాటమ్మా. ఇప్పుడు పెట్టకపోతే అక్కని అప్పుడే మరిచిపోయామని కాదూ?” అన్నాడు తండ్రి, కళ్ళు ఒత్తుకుంటూ.

అత్త మీదున్న ప్రేమే మార్లా నోరు నొక్కింది.

పేరు వెర్నా కుట్టింది. జ్ఞానస్నానం నాడు అదే గౌను పిల్లకు తొడిగారు. ‘కాలియర్’ అనే పొడుగాటి పేరు ఎడమ చంక దగ్గర మొదలై కుడి చంక దాకా సాగింది. ఆ అక్షరాల నడుమ, ఎంత రుద్దినా పోకుండా, నీలం సుద్దతో పెట్టిన చుక్క ఒకటి మిగిలిపోయింది. ఏదో చిన్న పేరు అక్కడ మొదలుకావాల్సింది.