దయాసాగర్ లండన్ చూసిన విధం

నిరోషకు లండన్‌లో నర్సు ఉద్యోగం వచ్చినప్పుడు ఆత్మకూరులో వాళ్ల వీధి వీధంతా మిఠాయి తిన్నది. ఆమె వెంట భర్త దయాసాగర్, పదేళ్ల కూతురు గోపిక విమానం ఎక్కారు. దయాసాగర్‌ది మర్రిపాడు. రెండువందల గొర్రెల మందను చిన్నాన్న కొడుకు సిద్ధయ్యకు అప్పగించి, ఒక్కోదాని వీపు తట్టి మరీ బయలుదేరాడు.

నాలుగు నెలలైనా అతనికి అక్కడ పని దొరకలేదు. అన్నం వండటం, గోపికను బడికి తీసుకెళ్లి తీసుకురావటం, మళ్లీ అన్నం వండటం. ఆదివారం వస్తే మాత్రం నిరోష ఊరుకునేది కాదు. ఆత్మకూరు నుంచి ఆమె వదిన సరళ ప్రతి శనివారం ఫోన్ చేసి, "రేపు ఏం చూడబోతా ఉండారు?" అని అడిగేది. ఏమీ లేదని చెప్పడానికి నిరోషకు ప్రాణం ఒప్పేది కాదు. చూడాల్సిన చోట్లన్నీ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించింది.

మొదట రాజభవనం. బొచ్చు టోపీ పెట్టుకున్న కాపలావాణ్ణి గేటు బయట నుంచి చూస్తూ గంటసేపు వానలో నిలబడ్డారు.

"ఈయన ఎప్పుడు కదుల్తాడు?" అన్నాడు దయాసాగర్.

"కదలకపోవడమే ఆయన ఉద్యోగం."

"అట్టాంటిది నాకూ ఒకటి చూడు. నాలుగు నెలల్నుంచి అదే పని చేస్తా ఉండాను."

తర్వాతి ఆదివారం పాత కోట. "ఉదయగిరి కొండ ఎక్కినోళ్లకు ఇదేం కోట? కొండే లేదే!" అన్నాడు. లోపల రాణుల కిరీటాల ముందు జనం ఆగిపోకుండా నేలమీద పట్టీ ఒకటి కదులుతూ ఉంటుంది. సరిగ్గా కనబడలేదని అతను ఆ పట్టీ మీద వెనక్కి నడిచి ఒక జపాను ముసలాయన మీద పడ్డాడు. ఆయన వంగి నమస్కరించాడు. ఇతను చేతులెత్తి దండం పెట్టాడు. పట్టీ అయిపోయేదాకా ఇద్దరూ దండాలు పెట్టుకుంటూనే పోయారు. గోపిక ఆ మనిషెవరో తనకు తెలియనట్టు గోడవైపు తిరిగింది.

"బయట మెల్లగా మాట్లాడు నాన్నా. అందరూ చూస్తా ఉండారు," అంది తిరుగు రైల్లో.

అప్పటినుంచి దయాసాగర్ మాటలు తగ్గించేశాడు. ఫోటోకు నిలబడమంటే నిలబడేవాడు, నడవమంటే నడిచేవాడు. నిరోషకు అతని అల్లరి కన్నా ఈ అణకువతోనే ఎక్కువ దిగులు పట్టుకుంది.

సెప్టెంబరు చివర్లో ఒక ఆదివారం థేమ్స్ నది మీది వంతెనకు వెళ్లారు. అక్కడ ఇనుప కంచెలు, వాటి వెనక జనం. ఏటా ఒకసారి ఊరి పెద్దలు పాత హక్కు చొప్పున వంతెన మీద గొర్రెలు తోలతారట. సూట్లు, టోపీలు వేసుకున్న దొరలు చేతికర్రలతో ఫోటోలు దిగుతున్నారు. వాళ్ల ముందు పది గొర్రెలు.

దయాసాగర్ కంచె మీదికి వంగాడు. "ముందుండేది కుంటతా ఉండాది. దాన్ని ముందర పెడతారా ఎవురైనా?"

అనడమే ఆలస్యం, ఆ గొర్రె ఆగిపోయింది. వెనకవి దాన్ని గుద్దుకుని చెదిరాయి. ఒకటి ఒక దొర కర్ర మీదుగా దూకి, కింద పడిన ఆయన టోపీ తొక్కి, కంచె సందులోంచి బస్సులు తిరిగే రోడ్డు వైపు పరుగెత్తింది.

దయాసాగర్ దాని వెంట పడ్డాడు.

"నిన్ను పోలీసులు పట్టుకుపోతారయ్యా!" అని నిరోష అరిచింది.

మర్రిపాడులో మందను పిలిచినట్టు "ట్ర్రో! ట్ర్రో!" అన్నాడు. గొర్రె చెవి కూడా ఆడించలేదు. తెలుగు రాదని అర్థమై, పక్కకు పోతున్నట్టు నటించి, చటుక్కున తిరిగి గడ్డం కింద చెయ్యేసి పట్టేశాడు. అలవాటుగా భుజాన వేసుకోబోయాడు. "అమ్మో, దూడంత బరువుండాది!" అని దించి, మోకాళ్ల మధ్య ఇరికించుకుని నడిపించుకొచ్చాడు.

పసుపు కోటు గార్డు ఒకడు అతని చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు గోపిక కంచె కింద నుంచి దూరి వచ్చి, "ఆయన మా నాన్న!" అని ఇంగ్లీషులో వంతెనంతా వినబడేలా అరిచింది.

గొర్రెలను తెచ్చిన ముసలామె గార్డును పక్కకు జరిపింది.

"కుంటేదాని గిట్టలో రాయి ఇరుక్కోనుండాదని చెప్పమ్మా," అన్నాడు దయాసాగర్.

గిట్టను ఇంగ్లీషులో ఏమంటారో గోపికకు తెలియదు. తన బూటు విప్పి అడుగు చూపించింది. ముసలామె గొర్రె కాలెత్తి రాయి తీసి, తన కర్ర దయాసాగర్ చేతికిచ్చింది. కుంటిదాన్ని వెనక్కి మార్చి, అతను ఒక్క కేక లేకుండా పదింటినీ అవతలికి దాటించాడు. దొరలు అతని వెనక బుద్ధిగా నడిచారు.

నిరోష అదంతా వీడియో కాల్‌లో సరళకు చూపించింది.

"లండన్ దాకా పోయి కూడా గొర్రెలేనా?" అంది సరళ.

నిరోష మొదటిసారి వదిన ఫోన్ కట్ చేసింది.

ముసలామె గొర్రెల ఫారం రైల్లో గంటన్నర దూరం. పని చూడటానికి రమ్మని పిలిచింది. వారానికి నాలుగు రోజుల పని ఖాయమైంది. గొర్రెలు ఈనే కాలంలో అతను ఆదివారాలు కూడా అక్కడే ఉంటే తల్లీకూతుళ్లే రైలెక్కి వెళ్లేవాళ్లు. వాళ్లు చేరేసరికి దయాసాగర్ చేతుల నిండా బురదతో గేటు దగ్గరికి ఎదురొచ్చి, ఆ వారం పుట్టిన గొర్రెపిల్లల గురించి ఆగకుండా చెప్పేవాడు. ఎంత గట్టిగా మాట్లాడినా అక్కడ ఎవరూ తిరిగి చూడరు.