పదిహేడో ప్రశ్న

ఎస్తేరమ్మ గోడకు మూడు దిండ్లు ఆనించి, భర్త నాగన్న చంకల కింద చేతులు పెట్టి లేపి కూర్చోబెట్టింది. పడుకుంటే ఆయనకు ఊపిరాడదు. పదేళ్లు బొంబాయి దిక్కున రాళ్ల మిషన్ల దగ్గర పీల్చిన దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. నాలుగేళ్లుగా ఆ గోడకు ఆనుకునే ఆయన నిద్ర. ఒకప్పుడు బండరాళ్లు ఎత్తిన ఆ జబ్బలు ఇప్పుడు ఆమె పిడికిట్లో ఇమిడిపోతున్నాయి.

“యాడికి ఇయ్యాల?”

“పెద్దమందడికి. పోయినసారి అడిగినయే మల్ల అడగాల్నంట.”

“ఒక్కసారి చెప్తే నమ్మరా?” నవ్వబోయి దగ్గాడు.

ఆమె ఆయన మూతి తుడిచి జావ తాగించింది. పక్కింటి జంగమ్మకు జర చూస్తుండమని చెప్పి వనపర్తి బస్టాండుకు నడిచింది.

పెళ్లయిన కొత్తలో ఆయనతోపాటు కాలువ పనులకు వలస పోయిన మనిషి ఎస్తేరమ్మ. రాత్రిబడిలో అక్షరాలు నేర్చి, ముప్పై ఏళ్లకు పదో తరగతి పాసయింది. జనాభా లెక్కలు, పోలియో చుక్కలు, ఏ పని వస్తే ఆ పనికి సంచి తగిలించుకుని ఊళ్లు తిరిగింది. ఇప్పుడు ఒక పెద్ద సంస్థ వాళ్ల పని. ఏళ్ల తరబడి జబ్బుపడినవాళ్ల భార్యలు, భర్తలు ఆ బాధను ఎలా తట్టుకుంటున్నారో అడగాలి. ప్రశ్నలు ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చినవి. ఆ తెలుగు సరిగ్గా ఉందో లేదో తేలాలంటే పదిహేను రోజుల తేడాతో ఒకే మనిషిని రెండుసార్లు అడిగి చూడాలి. ఉన్నది ఉన్నట్టు చదవాలి. సొంత మాట కలపకూడదు. తన ఇంట్లోనూ అలాంటి మనిషే ఉన్నాడని ఆమె ఆఫీసులో చెప్పలేదు. చెబితే పనిలోంచి తీసేస్తారేమోనని భయం.

కుల్సుమ్‌బీ పెద్దమందడిలో తన ఇంటి వాకిట్లో చాప పరిచింది. ఆమె భర్త నబీ సాబ్‌కు చక్కెర జబ్బుతో కాలు తీసేసి మూడేళ్లయింది. ఆ రోజు శుక్రవారం. పక్కింటివాళ్లు ఆయన్ను బండిమీద జుమ్మా నమాజుకు తీసుకుపోయారు. ఇంట్లో మంచం ఖాళీగా ఉంది.

“నా భాగస్వామి అనారోగ్యం వల్ల కలిగే మానసిక ఒత్తిడిని నేను తరచుగా అధిగమించగలుగుతున్నాను,” చదివింది ఎస్తేరమ్మ.

“గట్ల సద్వితే నాకేం సమజైతది చెల్లే?”

ఎస్తేరమ్మ కాగితం అంచున ‘తెల్వలేదు’ అని రాసింది. అంచులన్నీ ఆ మాటతోనే నిండిపోతున్నాయి. పదిహేడో ప్రశ్న ఒక్కటే ఎవరూ తిరిగి అడగకుండా అర్థం చేసుకునేది. అది చదివింది: ‘ఇదంతా తొందరగా ముగిసిపోతే బాగుండునని నాకు అనిపిస్తుంది.’

కుల్సుమ్‌బీ కొంగు సర్దుకుంది. ఖాళీ మంచం వైపు ఒకసారి చూసింది.

“మల్లమల్ల అనిపిస్తది. రాస్కో.”

“పోయినసారి ఎన్నడూ లేదంటివి గదక్కా?”

“పోయినసారి ఆయన గీ మంచం మీదనే ఉండె. ఇంటుండె. ఆయన ముంగట గా మాట నోట్లకెళ్లి ఎట్లొస్తది?” ఆమె గొంతు తగ్గింది. “తీస్కపో అని దువా చేస్త. చేసినంక ఏడుస్త. నీకనిపియ్యదా?”

ఎస్తేరమ్మ ఉలిక్కిపడింది.

“ఒళ్లు పుండ్లు పడకుంట మనిషిని ఎట్ల మళ్లించాల్నో పోయినసారి నాకు చూపిస్తివి. చేసినోళ్లకే తెలుస్తది చెల్లే.”

మసీదు మైకులో నమాజు అయిపోయింది. ఎస్తేరమ్మ కలం మూత పెట్టింది, మళ్లీ తీసింది. నాలుగేళ్లలో ఆమెను ఎవరూ ఈ మాట అడగలేదు.

“అనిపిస్తది,” అంది.

పదిహేడో ప్రశ్న పక్కన ‘మల్లమల్ల’ అని రాసింది. తర్వాత కుల్సుమ్‌బీ లేచి చాయ్ పెట్టింది.

తిరుగు బస్సులో ఎస్తేరమ్మకు ఏదో బరువు దిగినట్టుంది. బస్టాండులో సీతాఫలాలు కొన్నది. మెత్తటివి, ఆయన మింగగలిగేవి ఏరి తీసుకుంది.

వాకిట్లో జంగమ్మ నిలబడి ఉంది. ఆమె వెనుక మరో ఇద్దరు ఆడవాళ్లు.

“నిద్రవోయిండనుకున్న ఎస్తేరూ. పిలిస్తే పలకలే. నొప్పి గిట్ల పడ్డట్టు లేదు, మొగం సల్లగున్నది.”

“గప్పుడు యాళ్లెంతైంది?”

“జుమ్మా నమాజు అయిపోతుండె. రొండైతుండొచ్చు.”

ఎస్తేరమ్మ సంచి కింద పెట్టింది. గోడకు ఆనుకున్న భర్త దగ్గరకు పోయి, ఒరిగిన తలను తన భుజం మీద పెట్టుకుంది.

“గా మాట ఒక్కసారే అన్న,” అంది. “ఒక్కసారే.”

“ఏందే?” అంది జంగమ్మ. ఆమెకు అర్థం కాలేదు.

ఎవరో గడపలో దీపం పెట్టారు. ఎవరో చర్చి అయ్యగారికి కబురు చేయడానికి పోయారు. ఆయన్ను పడుకోబెట్టడానికి చాప పరుస్తుంటే జంగమ్మ కాలికి ఆయన పక్కనున్న చాట తగిలింది. రేషన్ బియ్యం. దుమ్ము లేస్తుంది, ముట్టుకోవద్దని ఎస్తేరమ్మ ఎన్నిసార్లు చెప్పినా వినని మనిషి నాగన్న. చాటలో సగం బియ్యం ఏరి తెల్లగా ఒక పక్కకు నెట్టి ఉన్నాయి, సగం అలాగే ఉన్నాయి. ఏరిన రాళ్లు మాత్రం నేలమీద పడలేదు. ఎస్తేరమ్మ కాళ్లకు గుచ్చుకోకుండా, ఒక గిన్నె మూతలో చిన్న కుప్పగా పోసి ఉన్నాయి.