పదో నంబరు దారం

మా బావ కబేళాలో పనిచేస్తాడు. చేతిలో కత్తి ఉన్నప్పటికన్నా లేనప్పుడే ఆయనంటే మా అక్కకు భయం.

ఆ ఆదివారం పొద్దున్నే ఇద్దరూ నేను పనిచేసే దుకాణానికి వచ్చారు. నేనక్కడ గాలపు కర్రలు బాగుచేస్తాను. అక్క ఎడమ మణికట్టుకు గుడ్డ చుట్టుకుంది. ఎందుకని నేను అడగలేదు. బావ చేతిలో నాన్న కర్ర ఉంది. నాన్న పోయే ముందు ఉలులూ రంపాలూ నాకిచ్చి, కర్ర అక్కకిచ్చాడు. మా ఇద్దరిలో గాలం విసరడం వచ్చింది అక్కకే.

"మూడు వారాలుగా ఆ మట్టిగుంటలో బంగారుతీగ చేప నన్ను ఆడిస్తోంది బామ్మర్దీ," అన్నాడు బావ. "విసిరితే పది గజాలు కూడా పోదు. మంచి దారం తియ్యి. ఇవాళ చేప రాలేదో, ఈ కర్ర మీ అక్క వీపు మీద విరిచేస్తా. పీడా పోతుంది."

నవ్వుతూనే అన్నాడు. పోయిన నెల వంటింటి తలుపు గురించి కూడా నవ్వుతూనే అన్నాడు. ఇప్పుడా గుమ్మానికి తలుపు లేదు.

కర్రకున్న దారం లాగి చూశాను. ఐదో నంబరు. చవగ్గా దొరికిందని ఆయనే తెచ్చి చుట్టుకున్నాడు. జబ్బు అక్కడే ఉంది. మామూలు గాలాన్ని సీసపు గుండు లాక్కుపోతుంది. ఈ కర్రతో విసిరేది ఈకతో ఈగలా కట్టిన ఎర. దానికి బరువన్నదే లేదు, దారం బరువే దాన్ని మోసుకుపోవాలి. అందుకే ఈగ ఎర దారాలకు బరువును బట్టి నంబర్లు. అది కర్రకు తక్కువైతే కర్ర వంగదు, ఎక్కువైతే లేవదు.

పిడి పైన రాసిన నంబరు ఎప్పుడో అరిగిపోయింది. పిడిని బల్లకు బిగించి, కొసకు చిన్న సంచీ కట్టి, అందులో ఒక్కో మేకూ వేస్తూ వంపు చూశాను.

"ఏడు," అంది అక్క, నాకంటే ముందే. "నాన్న ఏడే వాడేవాడు."

బావ వెనక్కి తిరక్కుండానే చెయ్యి విసిరాడు. అక్క తల వెళ్ళి అలమారుకు కొట్టుకుంది. దారపు డబ్బాలు కింద పడ్డాయి. వాటిలో ఒకటి ఆయన ఏరుకుని, దారం వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"ఇదిరా దారమంటే! తాడులా ఉంది. దీన్ని ఏ చేప తెంపుతుందో చూస్తా."

"అది పదో నంబరు బావా. దారం లావైతే గట్టిదని కాదు. తెగేది కొసన కట్టిన సన్న నైలాన్ దగ్గర. పది ఈ కర్ర మొయ్యదు."

"రోజూ క్వింటాళ్ళ మాంసం కొక్కేలకు వేలాడదీస్తాను. నాకు బరువుల గురించి చెప్తావా?"

డబ్బా మీద చెయ్యి వేశాను. నా మెడ పట్టుకుని మూతిని బల్లకేసి కొట్టాడు. పన్ను ఒకటి ఉలుల మధ్య పడింది. నేను నెత్తురు ఉమ్ముతుంటే ఆయనే దారం చుట్టుకున్నాడు. కొసకు దుకాణంలోకెల్లా లావు నైలాన్ కట్టాడు.

"కొక్కెం మొన వెనకున్న చిన్న ముల్లు నొక్కెయ్యండి," అంది అక్క. "నాన్న నొక్కేసేవాడు. తీసేటప్పుడు చేప మూతి చిరగదు."

"ముల్లు నొక్కేసి చేపకు చక్కిలిగింతలు పెట్టనా?" అన్నాడు.

వాళ్ళ వెనకే నేనూ బయల్దేరాను. సుత్తి జేబులో వేసుకున్నాను.

ఇటుకల కోసం తవ్వి వదిలేసిన గుంట అది. ఒడ్డు పక్కన నీళ్ళు బురదగా మసిలాయి. బంగారుతీగలు తలలు కిందికి పెట్టి మట్టిని తవ్వుతున్నాయి. బావ విసిరాడు. దారం నీళ్ళ మీద తడిబట్ట బండకేసి బాదినట్టు పడింది. రాగిరంగు వీపులు ఒక్కసారిగా మెరిసి మాయమయ్యాయి.

"నీ ఏడుపు మొహం చూసే పోయాయి," అని అక్క మోకాలి కింద బూటుతో తన్నాడు. అక్క కూలబడింది. నా చెయ్యి జేబులోకి పోయింది.

అవతలి గట్టు దగ్గర ఒకటి మిగిలింది, పెద్దది. బావ పళ్ళు బిగించి ఒంట్లో బలమంతా పెట్టి కర్రను వెనక్కి లాగి ముందుకు కొట్టాడు. కర్ర పిడి దాకా వంగింది. లేవలేదు. లావు దారం గాలిలో కుప్పకూలి ఆయన మీదికే వచ్చింది. కొక్కెం ముల్లుతో సహా కింది పెదవిలోంచి దూరి గడ్డం మీద పైకి తేలింది.

ఆయన పెట్టిన కేక పశువులు పెట్టేలాంటిది. కర్ర వదిలేశాడు. అక్క కుంటుతూ వెళ్ళి కర్ర తీసుకుంది. రీల్ తిప్పింది. టిక్, టిక్, టిక్. దారం బిగిసింది.

"ఏయ్... వదలవే..."

"కదలకు," అంది అక్క. పదకొండేళ్ళ కాపురంలో మొగుణ్ణి 'నువ్వు' అన్నట్టు మాట్లాడ్డం నేను విన్నది అప్పుడే.

ఆయన అక్క మీదికి ఉరికాడు. అక్క రెండడుగులు వెనక్కి వేసి, కర్ర కొస పక్కకు వంచి పట్టింది, పెద్ద చేపను తిప్పడానికి నాన్న నేర్పినట్టే. పెదవి సాగింది. ఆయన మోకాళ్ళ మీద పడ్డాడు. నెత్తురు చొక్కా మీదికి కారింది.

"ఈ కర్ర నాది. ఇవాళ్టి నుంచి తమ్ముడింట్లో ఉంటుంది. నేనూ అక్కడే ఉంటా. నువ్వు ఆ గుమ్మం తొక్కవు. సరేనా?"

ఆయన తలూపబోయి మూలిగాడు.

"తలూపకు, చిరుగుతుంది. చెయ్యెత్తు."

ఆయన చెయ్యెత్తాడు. ఆ చెయ్యి లేచినా అక్క వెనక్కి జరగలేదు.

ఆయన నడుముకు ఎప్పుడూ ఉండే కత్తి నేను లాగి ఇచ్చాను. మూతికి నాలుగు వేళ్ళ దూరంలో అక్క నైలాన్ కోసింది. రీల్లో ఉన్న దారమంతా విప్పి ఆయన ఒళ్ళో పడేసింది.

"నీ దారం నువ్వే ఉంచుకో. గట్టిదే, తెగలేదు."

దుకాణానికి తిరిగొచ్చాక ఏడో నంబరు డబ్బా తీశాను. వాచిన మణికట్టుతోనే అక్క దారాన్ని కర్ర రింగుల్లోంచి ఒక్కొక్కటిగా ఎక్కించింది. చివర కొత్త కొక్కెం కట్టి నా ముందు పెట్టింది.

"ముల్లు నొక్కరా."

"నొక్కాలా?" అన్నాను, నోట్లో గుడ్డ కుక్కుకునే.

అక్క రీల్ ఒకసారి తిప్పింది. టిక్.

"నొక్కు. చేపలేం చేశాయి పాపం."