తినే కరెంటు

మధ్యాహ్నం హోటల్లో గిన్నెలు తోమి, తడిసిన కొంగు పిండుకుంటూ ఆమె గదికొచ్చేసరికి ఫ్యాను తిరగడం లేదు. మంచం మీద ఆమె మొగుడు, తాపీమేస్త్రీ, చెమటలో నానిపోయి ఉన్నాడు. పరంజా మీంచి పడి నడుము విరిగినప్పటి నుంచీ అతను ఒత్తిగిల్లాలన్నా భార్య చెయ్యే ఆసరా. వీపు మీది పుండు మళ్లీ పచ్చిగా అయింది. ఈగలు ముసురుతుంటే తోలుకునే ఓపిక లేక కళ్లు మూసుకున్నాడు.

పక్కగదిలో మాత్రం కుట్టుమిషను గిర్రున తిరుగుతోంది.

ఆ వరసలో నాలుగు గదులకూ ఒకటే మీటరు, బిల్లు తలా పావు. ఆ మధ్య కూలిరేట్లు కాస్త పెరిగి చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడు ఒకరు టీవీ కొన్నారు, ఒకరు పాత ఫ్రిజ్జు తెచ్చుకున్నారు, కుట్టుపని చేసే ఆవిడ మిషనుకి మోటారు పెట్టించింది. అందరూ గిన్నెలక్క అని పిలిచే ఈమె ఫ్యాను కొంది. ఇప్పుడు కరెంటు రేటు పెరిగింది. వాడకం హద్దు దాటితే మొత్తానికీ పెద్ద రేటే. ఎవరిది ఆపాలన్న మాట వచ్చింది. గిన్నెలక్క పనిలో ఉండగానే తేల్చేశారు. ఇంటాయన సరేనన్నాడట, ఆయన మేడకి మీటరు వేరు.

కుట్టుపనావిడ మిషను ఆపకుండానే చెప్పింది. "నా మోటారు సంపాదిస్తుంది అక్కా, నీ ఫ్యాను తింటుంది. రోజూ పొద్దున నీ ఫ్యూజు తీసేసి సాయంత్రం పెడతాం."

నీ పురిటికి నీళ్లు కాచింది నేనే కదా అనబోయి గిన్నెలక్క మింగేసింది. ఎక్కువ వాటా కడతానని బతిమాలింది. ఎంత కడతావని గుమ్మాల్లోకి వచ్చిన మిగతా గదులవాళ్లు అడిగారు. మూడొందల రోజుకూలిలో బియ్యానికీ, పుండు కట్లకీ పోగా మిగిలేది చెప్పింది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"పోనీలేవే, నాకేం ఉక్కగా లేదు," అన్నాడు మేస్త్రీ. గడ్డం మీంచి చెమట కారుతోంది.

మర్నాడు పొద్దున కుట్టుపనావిడ స్టూలు పట్టుకుని వసారాలోకి వచ్చింది. ఫ్యూజుల బోర్డుకి అడ్డంగా గిన్నెలక్క నిలబడి ఉంది.

"తియ్యనివ్వను."

"పనికి పోవా?"

"పోను."

"మరి బిల్లు దేంతో కడతావు?"

గిన్నెలక్క వీపు బోర్డుకి ఆనించింది.

కుట్టుపనావిడ స్టూలు అక్కడే వేసుకుని, ఒళ్లో చేతులు పెట్టుకుని, హోటలు టైమెప్పుడవుతుందా అన్నట్టు తీరిగ్గా కూర్చుంది.